ప్లంబరు వచ్చేలోపు

మరుగుదొడ్డి జామ్ కావడానికి కూడా ముహూర్తాలు ఉంటాయి కాబోలు. మామూలు రోజుల్లో నోరెత్తని పాన్, సద్దుల బతుకమ్మ నాడు ఆడబిడ్డలు పిల్లాపాపలతో దిగాకనే మొరాయిస్తుంది. లేదంటే పెళ్లివారితో వాకిలి నిండాక. బకెట్ నీళ్లు గుమ్మరిస్తే కిందికి పోవాల్సినవి అంచుదాకా పైకొస్తాయి. అసలు కష్టం మొదలయ్యేది ఆ తర్వాతే. ఇంట్లో ఒకరు యాసిడ్ పొయ్యమంటారు, ఒకరు ఇనుప చువ్వ తెస్తారు, ఇంకొకరు మరో బకెట్ నింపుతారు. ఈ మూడూ తొందరపాటు పనులే.

నీళ్లకు అడ్డం పడితే ఏమవుతుందో నిజాంసాగర్ వాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన ప్రాజెక్టు ఇది. ఇంజినీరు అలీ నవాజ్ జంగ్ బహదూర్ ఆధ్వర్యంలో కట్టిన రోజుల్లో దాదాపు 30 టీఎంసీలు పట్టేది. పూడిక పేరుకుని అది తగ్గింది, తర్వాత గేట్ల ఎత్తు పెంచినా ఇప్పుడు 17.8 టీఎంసీల దగ్గర ఆగింది. ఇంటి వెనక పైపులో జరిగేదీ ఇంచుమించు ఇదే. ఒక్క రోజులో మూసుకుపోయినట్టు కనిపించే దారి, చాలాసార్లు నెలల తరబడి సన్నబడుతూ వచ్చి ఉంటుంది. అడ్డం ఎక్కడుందో తెలిస్తే తీయడం అంత కష్టం కాదు. తెలియకుండా పొడిస్తే మాత్రం ఉన్నది ఇంకా బిగుసుకుంటుంది.

పాన్ కింద పాము మెడలా వంగిన గొట్టం ఉంటుంది. ప్లంబర్లు దాన్ని ట్రాప్ అంటారు. పాన్‌లో పోసిన నీళ్లు ఆ వంపులో కిందికి దిగి, మళ్లీ కాస్త పైకెక్కి, అప్పుడు పైపులో పడతాయి. వంపులో ఎప్పుడూ నిలిచి ఉండే నీళ్లే కంపునూ పురుగుల్నీ ఇంట్లోకి రానీయకుండా అడ్డుకుంటాయి. లండన్‌లో గడియారాలు చేసే అలెగ్జాండర్ కమింగ్ 1775లో పేటెంట్ తీసుకున్న ఉపాయం ఇది. రెండున్నర శతాబ్దాలైనా దీన్ని మించింది రాలేదు. చిక్కల్లా, కంపును ఆపే వంపే చెత్తనూ ఆపడం. అందుకే మొదటి అనుమానం ట్రాప్ మీదే.

ఊళ్లలో స్వచ్ఛ భారత్ కింద కట్టిన దొడ్లలో పెట్టే పాన్ వేరు, పట్నం ఇళ్లలో పెట్టేది వేరు. గ్రామీణ పాన్‌కు అడుగు బాగా ఏటవాలుగా, 25 నుంచి 28 డిగ్రీల వాలుతో ఉంటుంది. దాని ట్రాప్‌లో నిలిచే నీటి మట్టం 20 మిల్లీమీటర్లే. అందువల్ల లీటరున్నర, రెండు లీటర్ల నీళ్లకే అంతా కొట్టుకుపోతుంది. పట్నం పాన్‌లో ఆ మట్టం 50 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది కాబట్టి ఎక్కువ నీళ్లు కావాలి. పల్లెలో ఇల్లు కట్టుకున్నవాళ్లు నునుపుగా ఉందనో, రంగు బాగుందనో పట్నం పాన్ తెచ్చి పెట్టుకుని, చెంబుడు నీళ్లతో సరిపెడితే మలం ట్రాప్ దాటుతుంది గానీ పైపు దాటదు. నడిమధ్యలో ఆగి ఎండిపోతుంది. నీళ్లు పొదుపు చేశామనుకున్న ఇంట్లో ఆరునెలలకోసారి జామ్ కావడానికి కారణం చాలాసార్లు ఇదే.

మన ఇళ్లలో పేపర్ వాడకం తక్కువ. కాబట్టి ఇరుక్కునే వస్తువులూ వేరు. శానిటరీ ప్యాడ్లు, పిల్లల డైపర్లు అన్నిటికంటే మొండివి. వాటిలోని పొడి తడిని పీల్చుకుని ఉబ్బడానికే తయారైంది కదా, ట్రాప్‌లోనూ అదే పని చేస్తుంది. ఆ తర్వాతి వరుసలో షాంపూ, గుట్కా పొట్లాలు, దువ్వెనకు వచ్చిన వెంట్రుకల ఉండలు, కొబ్బరి పీచు, చీపురు పుల్లలు, జారిపడిన సబ్బుబిళ్ల. వాకిట్లోంచి కాళ్లతో వచ్చే ఇసుక, మట్టి కూడా తక్కువేం కాదు. తడి వైప్స్ ప్యాకెట్ మీద ఏమి రాసి ఉన్నా, అవి కాగితంలా నీళ్లలో విడిపోవు. 2017లో లండన్ వైట్‌చాపెల్ కింద మురుగు కాలువలో దొరికిన 130 టన్నుల ముద్ద ఇలాంటి వైప్స్, డైపర్లు, వంటింటి కొవ్వు కలిసి గట్టిపడిందే. దాని పొడవు పావు కిలోమీటరు.

ఇక పనిలోకి. మొదట చేయాల్సింది ఏమీ పోయకపోవడం. కమోడ్ అయితే వెనక ట్యాంకుకు నీళ్లొచ్చే చిన్న కాక్ తిప్పి కట్టేయాలి. ఆ తర్వాత ఓ గంట ఆగి చూడాలి. నీటి మట్టం నెమ్మదిగానైనా దిగుతోందంటే దారి పూర్తిగా మూసుకుపోలేదన్నమాట. మెత్తటిదేదో అడ్డం పడింది, అది వచ్చేస్తుంది. చుక్క కూడా కదలకపోతే బిగుసుకుందని అర్థం. ఇప్పుడు దొడ్డి వెనక ఛాంబర్ మూత తీయాలి. లోపల పొడిగా ఉంటే అడ్డం పాన్‌కూ ఛాంబర్‌కూ మధ్యలోనే ఉంది, ఇంట్లోంచి తీయొచ్చు. ఛాంబర్ నిండి ఉంటే తప్పు పాన్‌ది కాదు. ముందున్న పైపుదో, గుంతదో, సెప్టిక్ ట్యాంకుదో అయి ఉంటుంది. అప్పుడు పాన్ దగ్గర గంటసేపు కుస్తీ పట్టినా ఫలితం ఉండదు. ఒకే ఇంట్లో రెండు దొడ్లుంటే ఇంకా తేలిక. రెండూ ఒకేసారి మొరాయిస్తే అడ్డం రెండూ కలిసే చోటుకు అవతల ఉన్నట్టే.

ఇంకో గుర్తు శబ్దం. నీళ్లు పోసినప్పుడు గుడగుడమని బుడగలొచ్చి, ఆగి ఆగి దిగుతుంటే గాలి గొట్టం మూసుకుపోయి ఉండొచ్చు. డాబా మీదికి వెళ్లే ఆ గొట్టానికి జాలీ లేకపోతే పిట్టలు, కందిరీగలు గూళ్లు పెడతాయి. నీళ్లు దిగాలంటే వెనక గాలి ఆడాలి. పాన్‌లో ఏ తప్పూ లేకుండానే జామ్ అయినట్టు కనిపించే సందర్భం ఇది. దీనికి మందు డాబా ఎక్కి గూడు తీయడం, జాలీ కట్టడం.

అడ్డం ట్రాప్‌లోనే ఉందని తేలితే, ప్లంబరు సంచిలోంచి ముందుగా బయటికొచ్చేది కర్రకు బిగించిన రబ్బరు గిన్నె. హార్డ్‌వేర్ దుకాణంలో ప్లంజర్ అన్నా, టాయిలెట్ పంపు అన్నా ఇస్తారు. చాలామంది దీన్ని తొక్కి తొక్కి పొడిచి, పని చేయలేదని మూలన పడేస్తారు. దీని మర్మం నెట్టడంలో కన్నా లాగడంలో ఎక్కువ. రబ్బరు గిన్నె మునిగేంత నీళ్లు పాన్‌లో ఉండాలి. గాలి ఒత్తుకుపోతుంది, నీళ్లు ఒత్తుకుపోవు. అందుకే గిన్నెలో గాలి ఉంటే బలమంతా దానికే ఖర్చవుతుంది. గిన్నెను కాస్త పక్కకు వంచి దించితే లోపలి గాలి బుడగలై పోతుంది. రంధ్రం చుట్టూ అంచు బాగా అతుక్కున్నాక, మొదటిసారి మెల్లగా నొక్కాలి. ఆత్రంగా నొక్కితే లోపలున్నదంతా మొహం మీదికి చిమ్ముతుంది. తర్వాత అంచు ఊడకుండా పదిహేను, ఇరవై సార్లు ముందుకూ వెనక్కూ ఆడించి, ఒక్కసారిగా పైకి లాగాలి. అలా ఆడించినప్పుడు అడ్డం పడ్డ ముద్ద అటూ ఇటూ కదిలి, విరిగి, వదులవుతుంది. ఒక విడతకు కాకపోతే రెండు మూడు విడతలు. గటగటమని నీళ్లు దిగిన చప్పుడు వినిపిస్తే అయిపోయినట్టే. అప్పుడు కూడా ఒక చెంబు పోసి చూశాకే బకెట్ పోయాలి.

ప్లంజర్లలోనూ రెండు రకాలున్నాయి. అడుగు చదునుగా ఉండేది సింకుకు, స్నానాల గది నేలలోని నహానీ ట్రాప్‌కు పనికొస్తుంది. గిన్నె లోపలినుంచి ఇంకో రబ్బరు మెడ బయటికి పొడుచుకొచ్చేది కమోడ్‌కు. ఇండియన్ పాన్‌కు రంధ్రం మీద ఏది సరిగా కూర్చుంటే అదే మంచిది. కొనేముందు రంధ్రం వెడల్పు జానతోనో వేళ్లతోనో కొలుచుకుని వెళ్లడం మేలు.

ప్లంజర్ లేని ఇంట్లో ఏం చేయాలి? తెలిసిన మోటు పద్ధతి ఒకటుంది. గట్టి కర్ర చివర పాత గుడ్డలు గుండ్రంగా చుట్టి, దానిపై మందపాటి ప్లాస్టిక్ కవర్ తొడిగి, సుతిలితో బిగించి కట్టడం. రంధ్రానికి సరిపడే ఆ ముద్ద ప్లంజర్‌లాగే ముందుకూ వెనక్కూ ఆడుతుంది. పనికొచ్చే ఉపాయమే, కాకపోతే ముడి ఊడితే గుడ్డ కాస్తా ట్రాప్‌లోకి పోతుంది. జామ్ తీయబోయి ఇంకో జామ్ పెట్టినట్టు. కట్టిన తాడు కొసను చేతిలో పట్టుకుని పని చేసేవాళ్లు తెలివైనవాళ్లు.

ఇనుప చువ్వ మాత్రం ఎప్పుడూ వద్దు. ట్రాప్ వంపు దగ్గర చువ్వ వంగదు, పింగాణీని పగలగొడుతుంది. పైకి కనిపించని ఆ పగులులోంచి నీళ్లు కారిపోతే వంపులో నీళ్లు నిలవవు, కంపు మొదలవుతుంది. ఇండియన్ పాన్ కాంక్రీటులో పాతుకుపోయి ఉంటుంది కాబట్టి దాన్ని మార్చాలంటే బండలు తవ్వాల్సిందే. వంపులో వంగే వెదురు బద్ద అంతకంటే నయం. ఇంకా నయమైనది స్ప్రింగు తీగ. చివర కొక్కెమూ, పైన తిప్పే పిడీ ఉండే ఈ తీగను నెట్టకుండా తిప్పుతూ దింపాలి. అడ్డం తగిలాక ఇంకో రెండు మెలికలు తిప్పి, కొక్కేనికి చిక్కినదాన్ని బయటికి లాగాలి. గుడ్డలు, ప్యాడ్లు, వెంట్రుకలు వచ్చేది దీనికే.

సబ్బుబిళ్ల, టూత్‌బ్రష్, బొమ్మ లాంటి గట్టి వస్తువు పడిందని తెలిస్తే ప్లంజర్ జోలికే పోకూడదు. నొక్కేకొద్దీ అది వంపు లోతుకు పోయి అడ్డంగా తిరుగుతుంది. పాన్‌లో నీళ్లు మగ్గుతో తోడేసి, మోచేతి దాకా వచ్చే రబ్బరు గ్లోవ్స్ తొడుక్కుని చేత్తో తీయడమే ఉత్తమం. గ్లోవ్స్ లేకపోతే రెండు మందపాటి కవర్లు ఒకదానిమీద ఒకటి తొడిగి, మణికట్టు దగ్గర కట్టుకున్నా నడుస్తుంది. అసహ్యం అనిపించొచ్చు గానీ అయిదు నిమిషాల పని. సబ్బు ఒక్కటే మినహాయింపు, గోరువెచ్చని నీళ్లు పోస్తూ ఓపిగ్గా ఉంటే మెల్లగా దానంతటదే అరిగిపోతుంది.

ఇక మందుల సంగతి. ఫోన్లో తిరిగే వీడియోల్లో వంటసోడా మీద వెనిగరో నిమ్మరసమో పోస్తే బుసబుస పొంగుతుంది, చూడముచ్చటగా ఉంటుంది. ఆమ్లం, క్షారం కలిసి ఒకదాన్నొకటి చల్లార్చుకున్నప్పుడు బొగ్గుపులుసు వాయువు పుట్టి వచ్చే పొంగు అది. చివరికి మిగిలేది ఉప్పు కలిసిన నీళ్లు. ప్యాడును అది ఏమీ చేయలేదు. హార్పిక్ లాంటి సీసాల్లో ఉండేది హైడ్రోక్లోరిక్ యాసిడ్. అదీ మలాన్ని, గుడ్డను కరిగించదు. కానీ ఒక చోట దాని మాట చెల్లుతుంది. బోరునీళ్లలో సున్నం ఎక్కువున్న ఊళ్లలో ట్రాప్ లోపల రాయిలా పొర కట్టి దారి సన్నబడుతుంది. ఆ పొరను యాసిడ్ కరిగిస్తుంది. అంటే జామ్ అయిన రోజు పనికిరాని సీసా, జామ్ కాకముందు వారానికోసారి పనికొస్తుంది.

డ్రెయిన్ క్లీనర్ పేరుతో పొట్లాల్లో అమ్మే తెల్లటి గుళికలు కాస్టిక్ సోడా. నూనె, జిడ్డు, వెంట్రుకల మీద బాగానే పని చేస్తాయి, అందుకే అవి వంటింటి సింకుకు పుట్టినవి. నీళ్లు తగలగానే భగ్గున వేడెక్కుతాయి. నిండిపోయిన పాన్‌లో వేస్తే మందు కదలకుండా అక్కడే ఉండిపోతుంది, ఆపై ఎవరైనా ప్లంజర్ వేస్తే ఆ నీళ్లు కళ్లలోకి చిమ్ముతాయి. వీటన్నిటికంటే ప్రమాదం రెండింటిని కలపడం. బ్లీచింగ్ పౌడర్ చల్లి, పని కాలేదని దానిమీద యాసిడ్ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. నాలుగడుగుల దొడ్డిలో, తలుపేసుకుని, ముందుకు వంగి ఉన్న మనిషి దాన్ని పీల్చితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. ఒకటి పోశాక రెండోది పోయకపోవడం ఇక్కడ ప్రాణాలకు సంబంధించిన విషయం.

వంటింట్లోనే ఉన్న రెండు వస్తువులు ఈ సీసాలన్నిటికంటే మెరుగు. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక గ్లాసుడు, గీజరు నుంచి వచ్చేంత వేడి నీళ్లు ఒక బకెట్. లిక్విడ్ పోసి అరగంట ఆగి, పాన్‌లో చోటుంటే వేడి నీళ్లు నడుమెత్తు నుంచి ధారగా పోయాలి. లిక్విడ్ జారుడునిస్తుంది, వేడి మెత్తబరుస్తుంది, ఎత్తు బలాన్నిస్తుంది. సలసల మరిగే నీళ్లు వద్దు. పింగాణీ చిట్లుతుంది, పీవీసీ పైపు మెత్తబడి అతుకుల దగ్గర వదులవుతుంది.

నీళ్ల పైపును పాన్‌లోకి దూర్చి మోటారు వేయడం ఊళ్లలో బాగా అలవాటు. పైపు వంపు దాటి వెళ్తే ఒత్తిడికి చాలా జామ్‌లు వదిలిపోతాయి, అందులో అబద్ధం లేదు. అయితే ఆ పైపు రెండో కొస మిషన్ భగీరథ తాగునీటి నల్లాకు బిగించి ఉంటే మాత్రం ఊరందరికీ ప్రమాదం. నీళ్లు వదిలినంతసేపూ బాగానే ఉంటుంది. సరఫరా ఆగిన క్షణంలో పైపులైన్‌లో ఒత్తిడి పడిపోయి, మునిగి ఉన్న కొస నుంచి మురుగును వెనక్కి పీల్చుకోగలదు. పక్కింటివాళ్లు నల్లాలకు మోటార్లు బిగించుకుని లాగుతుంటే ఇంకా సులువు. అందుకని డాబా మీది ట్యాంకు నుంచి, అదీ కింది వాడకపు లైన్ నుంచి మాత్రమే పైపు తెచ్చుకోవాలి. ఆ పైపును ఆపై తాగునీళ్లు పట్టడానికి వాడకూడదు.

ఇంతదాకా చెప్పింది పొడిగా ఉన్న ఛాంబర్ కథ. ఛాంబర్ నిండి ఉంటే కథ ఇంటి వెనక్కి మారుతుంది. నిజాంసాగర్ చుట్టుపక్కల ఊళ్లలో అక్కడ ఉండేది రెండిట్లో ఒకటి. సిమెంటు రింగులు దింపిన ఇంకుడు గుంత, లేదా సెప్టిక్ ట్యాంకు. చూడ్డానికి రెండూ మూతలేసిన గుంతలే. తీరు మాత్రం పూర్తిగా వేరు, ఆ తేడా తెలియక పోయిన ప్రాణాలున్నాయి.

2014 అక్టోబర్ 2న మొదలైన స్వచ్ఛ భారత్ మిషన్ ఇంటికి 12,000 రూపాయల ప్రోత్సాహం ఇచ్చి కట్టుకొమ్మన్నది రెండు గుంతల దొడ్డి. పాన్ నుంచి వచ్చే పైపు ఒక చిన్న ఛాంబర్‌లో పడి, అక్కడినుంచి వై ఆకారంలో రెండుగా చీలుతుంది. ఒక దారికి ఇటుక అడ్డం పెట్టి మూసేస్తారు. రెండో దారి వెంట మలం ఒక గుంతలోకే పోతుంది. గుంత గోడలకున్న కంతల్లోంచి నీళ్లు, వాయువులు మట్టిలోకి ఇంకిపోతాయి. అందుకే దీనికి గాలి గొట్టం కూడా అక్కర్లేదు. అయిదారుగురున్న ఇంట్లో ఒక గుంత నిండడానికి మూడేళ్ల దాకా పడుతుంది. నిండాక చేయాల్సింది ఇటుకను తీసి ఈ దారికి పెట్టి, రెండో గుంతను తెరవడమే. అయిదు నిమిషాల పని, ప్లంబరు అక్కర్లేదు. అయినా దొడ్డి జామ్ అయిందని గోల పెట్టే ఇళ్లలో చాలాచోట్ల ఆ ఇటుక ఉందన్న సంగతే ఇంటివాళ్లకు తెలియదు. కట్టిన మేస్త్రీ రెండు దారులూ తెరిచి వదిలేస్తే రెండు గుంతలూ కలిసి నిండుతాయి, అప్పుడు మార్చుకోవడానికి ఏమీ మిగలదు. డబ్బు మిగులుతుందని ఒకటే గుంత తవ్వినచోటా అంతే.

మూసిన గుంత ఏమవుతుందన్నది వరంగల్ జిల్లా గీసుగొండ మండలం గంగదేవిపల్లిలో దేశమంతా చూసింది. 2017 ఫిబ్రవరిలో అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఆ ఊరి ఇంటి దొడ్డి గుంతలోకి స్వయంగా దిగి, లోపలున్నదాన్ని పైకి ఎత్తారు. పలు రాష్ట్రాల నుంచి వచ్చిన సీనియర్ అధికారులూ ఆ పనిలో చేయి కలిపారు. ఆ నెలలోనే ప్రధాని ‘మన్ కీ బాత్’లో ఈ సంగతి చెప్పారు. వాళ్లు ఎత్తింది మలం కాదు. ఏడాదిన్నర, రెండేళ్లు మూసి ఉంచిన గుంతలో మలం వాసన లేని నల్లటి పొడి ఎరువుగా మారిపోతుంది. పత్తికి, కూరగాయల మడికి పనికొస్తుంది. ఒక కేంద్ర కార్యదర్శి గుంతలో దిగిన ఫొటో అంత సంచలనం కావడం వెనక మన కులాల చరిత్ర ఉంది. ఆ పని ఎవరు చేయాలో పుట్టుకతోనే తేల్చేసిన సమాజంలో, పెద్ద హోదా ఉన్న మనిషి పార పట్టుకోవడం వార్తే అయింది.

కానీ నిజాంసాగర్ కాలువల కింద ఈ గుంతలకు ఇంకో చిక్కుంది. ఇంకుడు గుంత పని చేయాలంటే చుట్టూ ఉన్న మట్టి నీళ్లు పీల్చుకోవాలి. గుంత అడుగుకూ భూగర్భజల మట్టానికీ మధ్య కనీసం రెండు మీటర్ల ఎడం ఉండాలని మార్గదర్శకాలు చెబుతాయి. వరి మడుల్లో నెలల తరబడి నీళ్లు నిలిచే ఆయకట్టులో, ముఖ్యంగా పొలాన్ని ఆనుకున్న ఇళ్లలో, వానాకాలం ఆ ఎడం ఉండకపోవచ్చు. నల్లరేగడి నేల అయితే తడిసి ఉబ్బి ఇంకుడును ఇంకా ఆపుతుంది. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి జిల్లాను ముంచెత్తినలాంటి వానలు పడ్డప్పుడు గుంతలోకి నీళ్లు బయటినుంచే వస్తాయి. అప్పుడు పాన్‌లో నీళ్లు దిగకపోతే అది జామ్ కాదు, నేల నిండిపోవడం. ప్లంజర్, యాసిడ్, పైపు ఏదీ పనిచేయదు. వాన తెరిపిచ్చి, మట్టం దిగేదాకా వాడకం తగ్గించాలి. స్నానం నీళ్లు, బట్టలుతికిన నీళ్లు ఆ గుంతలోకి పోతుంటే వెంటనే మళ్లించాలి. ఏటా ఇదే తంతు అయితే ఎండాకాలంలో గుంతను తక్కువ లోతుగా, వెడల్పుగా, చుట్టూ మట్టి కట్ట పోసి ఎత్తుమీద కట్టించుకోవడం తప్ప దారి లేదు. అలాంటి తడి నేలలో చేదబావికీ బోరుకూ పది మీటర్ల దూరం కూడా చూసుకోవాలి.

సెప్టిక్ ట్యాంకు సంగతికొస్తే, అది నీళ్లను ఇంకించుకోదు. గాలి చొరబడని గదిలో మలాన్ని నిలవబెట్టి కుళ్లబెడుతుంది. అడుగున బురద, పైన తెట్టు, మధ్యలో నీళ్లు. బురద పెరిగేకొద్దీ తెట్టు పైకొచ్చి లోపలికొచ్చే పైపు మూతిని మూసేస్తుంది. పాన్ మొరాయించడానికి అదో కారణం. రెండు మూడేళ్లకోసారి తీయించాలన్నది ఇంజినీర్ల మాట, మనవాళ్లు పొంగిపొర్లేదాకా ఆ ఊసెత్తరు. ఎంతకీ నిండని ట్యాంకు మాదని గొప్పగా చెప్పుకునే ఇల్లుంటే, ఆ ట్యాంకు అడుగునుంచి కారుతోందని అనుమానించాలి.

ట్యాంకు మూత తీసినప్పుడు పైనుంచి పొడవాటి వెదురు బద్దతో పైపు మూతి దగ్గర తెట్టును కదిలించడం వరకే ఇంటివాళ్ల పని. బీడీ, అగ్గిపుల్ల దగ్గరికి రాకూడదు, లోపల మీథేన్ ఉంటుంది. ముఖం మూత మీదికి వంచకూడదు. కుళ్లిన కోడిగుడ్డు వాసనేసే హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే ముక్కు ఆ వాసనను పట్టడమే మానేస్తుంది. వాసన పోయింది కదా అని దిగిన మనిషి క్షణాల్లో పడిపోతాడు. అతన్ని తీయడానికి దిగినవాడూ పడిపోతాడు. సెప్టిక్ ట్యాంకు మరణాల వార్తల్లో ఒకే ఇంటివాళ్ల పేర్లు రెండు, మూడు కనిపించేది ఇందుకే. గంగదేవిపల్లి ఫొటో చూసి ఏ గుంతలోనైనా దిగొచ్చనుకుంటే కొంప మునుగుతుంది.

కూలికి మనిషిని దింపుదామా అంటే చట్టం ఒప్పుకోదు. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లో మనిషి చేత పని చేయించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. మొదటిసారి తప్పుకే రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదంటే రెండూ. కంపెనీలకే కాదు, ఇంటి యజమానికీ ఇది వర్తిస్తుంది. కోలార్ బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ సఫాయి కర్మచారి ఆందోళన్‌తో దశాబ్దాలుగా చేసిన పోరాటం ఈ చట్టం వెనక ఉంది. ఆయనకు 2016లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. మురుగు పనిలో చనిపోయినవారి కుటుంబాలకు 2014లో పది లక్షలుగా ఉన్న పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబర్‌లో ముప్పై లక్షలకు పెంచింది.

కాబట్టి నిండిన ట్యాంకుకు దారి ఒక్కటే, పంపుతో లాగే ట్యాంకర్ బండి. బండి వచ్చినప్పుడు ఇంటివాళ్లు దగ్గరుండి చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గొట్టం మాత్రమే లోపలికి దిగాలి. అడుగున కాస్త బురద మిగిల్చి వెళ్లమనాలి, దానిలోని సూక్ష్మజీవులే మళ్లీ పని మొదలుపెడతాయి. కడిగి శుభ్రం చేస్తామంటూ ఫినాయిల్, బ్లీచింగ్ పోస్తే ఆ జీవులు చచ్చి, ట్యాంకు ఇంకా త్వరగా నిండుతుంది. మూత సందు లేకుండా బిగించాకే డబ్బు ఇవ్వాలి, పిల్లలు ఆడుకునే వాకిలి మరి. ఆఖరుకు లోడు ఎక్కడ వదులుతావని డ్రైవరును అడగాలి. వరంగల్ నగరపాలక సంస్థ ఇలాంటి బండ్లకు 2016లోనే నిబంధనలు పెట్టి, ఆ బురదను శుద్ధి చేసే ప్లాంటు కట్టించింది. అలాంటి ఏర్పాటు లేనిచోట ట్యాంకరు ఖాళీ అయ్యేది ఊరవతల వాగులోనో, కాలువ గట్టు పక్కనో.